మా అన్నకు నేను వేసిన తాళం

తిండి గురించి నీతులు చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇరవై ఏళ్లుగా బెంగళూరులో ఎలుకలతో పని చేస్తున్నాను. కడుపు నిండినా నోరు ఎందుకు ఆగదు, తాగుడు మానలేనివాడికీ తిండి ఆపుకోలేనివాడికీ తలలో ఏం జరుగుతుంది, ఇదే నా పరిశోధన. అయినా మా ఊరు ఆళ్లగడ్డలో బస్సు దిగీ దిగగానే ఎవడో ఒకడు తగులుకుంటాడు. "మీ యన్నను నోరు కట్టుకోమని చెప్పుమ్మా. ముందు ఇంట గెలిచి, ఆనక రచ్చ గెలువు." ఆ మాట విన్న ప్రతిసారీ వాడి పళ్లు రాలగొట్టాలనిపించేది.

మా అన్న విగ్రహాలు చెక్కుతాడు. నేల మీద కూర్చుని రాయిని పాదాలతో అదిమిపట్టి ఉలి ఆడిస్తాడు. ఆ కుడిపాదానికే పుండు లేచింది. నంద్యాలలో డాక్టరు చూసి, నెలలో షుగరు దిగకపోతే వేళ్లు తీసేయాల్సి వస్తుందన్నాడు. బయటికొచ్చాక బస్టాండులో నా కళ్లముందే అన్న పావుకిలో మైసూరుపాకు తిన్నాడు.

"సిగ్గు లేదా అన్నా నీకు?" అని పదిమందీ వినేలా అరిచాను.

"ఉండాది. ఆకలి గూడా ఉండాది" అన్నాడు, చేయి పంచెకు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రమే బెల్లం, చక్కెర, శెనక్కాయల ఉండలు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి వదిన చేతిలో పెట్టి, "ఆదివారం మధ్యాహ్నం ఒక్క గంట తెరువు. తక్కిన రోజుల్లో కాళ్లు పట్టుకున్నా ఇవ్వొద్దు" అన్నాను.

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్క తినా తిననీదు అన్నెట్లుండాది నీ యవ్వారం" అని అన్న గొణిగాడు.

వదినకూ ఇష్టం లేదు. "తిండికి తాళమేసేది యాడన్నా ఉండాదామ్మా? ఆయనకు పెట్టేది తెలుసు గానీ దాచేది నాకు తెల్దు" అంది.

"నీ ముద్దే ఇంతదాకా తెచ్చింది" అన్నాను. అనకూడని మాట. ఆమె మూతి బిగించుకుని తాళంచెవి కొంగుకు ముడేసుకుంది.

తర్వాత ఫోను చేసినప్పుడల్లా వదిన ఒకటే చెప్పేది. "వారమంతా బుద్ధిగానే ఉంటాండాడు. ఆదివారం మాత్రం ఆయన్ను జూస్తే బయమైతాది." బుద్ధిగా ఉన్నాడన్న మాట ఒక్కటే నా చెవికెక్కింది.

నాలుగో వారం అన్న చెక్కిన అమ్మవారి విగ్రహానికి కళ్లు తెరుస్తున్నారంటే వెళ్లాను. మా ఇంట్లో ఒక కట్టుబాటుంది. విగ్రహానికి కళ్లు చెక్కే రోజు చెక్కేవాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. పని ముగిశాక, విగ్రహం చేయించినవాళ్లు తెచ్చిన బెల్లం పొంగలిలో మొదటి ముద్ద అతనే తినాలి. అతను చేయి కడిగేదాకా ఎవరూ గిన్నె తాకకూడదు. అన్న ఉలి దించి మొదటి ముద్ద తిన్నాడు. ఇక చేయి ఆగలేదు. నమలడం లేదు, ఎవరినీ చూడటం లేదు, రెండు చేతులా నోట్లోకి తోసుకుంటున్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా అందరూ కట్టుబాటుకు లోబడి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

ఆ తినడం నాకు బాగా తెలుసు. చక్కెరనీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచితే ఎలుకలు కొంచెం కొంచెంగా తాగుతాయి. రోజుల తరబడి దాచి ఒక్క గంట మాత్రం పెడితే మీదపడి తాగుతాయి. మామూలు ఎలుకకు తిండిపిచ్చి ఎక్కించడానికి మేం వాడే పద్ధతే అది. ఎంతమంది విద్యార్థులకు నేర్పానో! బీరువాకు తాళం వేసి మా అన్నకు నేను చేసిందీ అదే. ఛీ, నా చదువు తగలెయ్య!

నెల తిరిగేసరికి షుగరు దిగకపోగా ఇంకా ఎక్కింది. పుండు నల్లబడింది. నంద్యాలలో మూడు వేళ్లు తీసేశారు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఎలుకల సంగతి, తాళం సంగతి అన్నీ అన్నకు చెప్పేశాను. తప్పు నాదేనని ఏడ్చాను. అతను పైకప్పు చూస్తూ విన్నాడు.

"పని అయినంక ఆ ఎలకల్ని ఏం జేస్తారు?" అని అడిగాడు.

అబద్ధం నోటికి రాలేదు. "చంపి, మెదడు కోసి చూస్తాం."

"అట్లయితే నాకు వేళ్లతోనే సరిపెట్టినావ్" అని అన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.