మూర్తిని చంపిన ట్యూన్‌ను స్టేటస్‌లో పెట్టుకోకండి

నిన్న పొద్దున మూర్తి దోస్తు సలీం ఫోన్ చేశాడు. "అత్తా" అన్నాడు. ఆ తర్వాత ఒకటే ఏడుపు.

నాకు అర్థమైపోయింది.

అయినా అడుగుతూనే ఉన్నాను. దవాఖానలో రక్తం దొరికిందా, డాక్టర్ వచ్చాడా, మూర్తి ఏమైనా తిన్నాడా అని.

తల పగిలినవాడు ఏం తింటాడు.

మా కురుమూర్తి పోయాడు. నా తమ్ముడి కొడుకు. తమ్ముడూ మరదలూ పుణెకు పనికి పోయినప్పుడల్లా నా దగ్గరే ఉండి పెరిగాడు. మీలో చాలామందికి వాడు డీజే మూర్తి.

నాగర్‌కర్నూల్ బస్టాండ్ వెనక వాడి స్టూడియో. స్టూడియో అంటే ఒక గది, గోడలకు అట్టలు. పెళ్లి బరాత్‌లకు, బర్త్‌డేలకు పేరు పాటలు చేసి ఇచ్చేవాడు. ఫలానా అన్న వచ్చిండు, అడ్డమొస్తే నరుకుతడు, ఇట్లాంటివి. మీసం సరిగా రానివాళ్లకు కూడా కత్తులు, నెత్తురు, పులులు పెట్టి పాట కట్టేవాడు. బిజినేపల్లి నుంచి పెబ్బేరు దాకా వాడి పాట మోగని బరాత్ లేదు.

అవి వింటే నాకు గుండె దడ.

"ఎందుకురా ఈ నరుకుడు పాటలు, ఎవడన్న నిజంగనే నరికితే?" అనేదాన్ని.

"గవి కడుపు కోసం అత్తా. నా కోసం వేరే ఉన్నయ్."

వేరే అంటే ఎవరూ అడగని పాటలు. వాటిలో డప్పు దెబ్బ ఉండదు. పాడేవాళ్లు ఉండరు. పెబ్బేరు సంతకు పోయి, ఎడ్లు లారీ దిగేటప్పుడు గిట్టల చప్పుడు రికార్డ్ చేసుకొచ్చాడు. దాన్ని సాగదీసి సాగదీసి, కింద హార్మోనియం ఒక్కటే స్వరం పట్టి ఉంచాడు. నా చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టాడు. ఎక్కడో గుట్ట కూలుతున్నట్టు అనిపించి, భయపడి పీకేశాను. వాడికేమో సంబరం. చూసినవా సలీం, అత్తకు తాకింది అని గంతులేశాడు.

ఒకసారి నాకు తెలియకుండా నన్నే రికార్డ్ చేశాడు.

రోజంతా నేను ఏమేం అంటానో అవన్నీ. ప్లగ్గు తీసినవా, తిన్నవా, హెల్మెట్ ఏది, మబ్బు పట్టింది పోకు. అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ముసలమ్మల గుంపు ఒకటి నన్నే తరుముతున్నట్టు ఉంది.

"గిట్ల మోగుతనారా నేను?"

"గింతకన్న ఎక్కువనే" అని నవ్వాడు.

తిట్టాను. మళ్లీ ఒకసారి పెట్టమన్నాను.

ఈసారి వినాయకుడి పండుగకు ముందు ఆ నా మాటల ట్రాక్ మీదే కూర్చున్నాడు. అప్పుడే పేరు పాటల ఆర్డర్లు మీద పడ్డాయి. అందరికీ తొందరే. తన పని ఆపబుద్ధి కాక, ఒకే ట్యూన్ తీసి పేర్లు మార్చి ఇద్దరికి ఇచ్చేశాడు. సలీం వద్దన్నాడట. ఊర్లు వేరే, ఎవనికి తెలుస్తది అన్నాడట వీడు.

ఆ ఇద్దరి పేర్లు రాయను. నాకు భయం. ఒకడంటే ఒకడికి పడదు, అది అందరికీ తెలుసు.

మొన్న నిమజ్జనానికి ఆ రెండు ఊళ్ల డీజే బండ్లు రోడ్డు మలుపులో ఎదురెదురుగా వచ్చాయి. ఇటువాళ్లు పాట పెట్టారు. అటువాళ్లూ పెట్టారు.

అదే ట్యూన్, అదే నరుకుడు. పేరొక్కటే వేరు.

జనం నవ్వారు.

ఆ నవ్వుతోనే మొదలైంది. సీసాలు, రాళ్లు, జెండా కర్రలు. ఒకడి చెవి తెగి వేలాడిందట. నా పాట దొంగిలించావంటే నా పాట దొంగిలించావని, పాటలో ఏం చెప్పుకున్నారో అదే చేసుకున్నారు.

మూర్తి అక్కడే ఉన్నాడు. పారిపోవచ్చు. సలీం చెయ్యి పట్టి గుంజాడు. విడిపించుకుని బండెక్కి మైకు తీసుకున్నాడు.

"తప్పు నాది అన్నా. ఇద్దరికీ కొత్తవి చేసిస్త. ఆపుండ్రి."

వెనక నుంచి ఇనుప పైపుతో కొట్టారు. కింద పడ్డాక కూడా కొట్టారు. ఎవడో తెలియదు. ఆ చేతులు పడిపోను.

పాట మాత్రం ఎవరూ ఆపలేదట. వాడి తల పగులుతుంటే పైన వాడి ట్యూనే మోగుతోంది.

నిన్న సాయంత్రం శవం ఇంటికి వచ్చింది. పుణె నుంచి వచ్చిన తమ్ముడు దాని పక్కన కూలబడ్డాడు.

అప్పుడొచ్చింది డీజే బండి.

కొందరిని పోలీసులు పట్టుకుపోయారు. మిగిలినవాళ్లు, రెండు ఊళ్లవాళ్లూ, ముందురోజు తలలు పగలగొట్టుకున్నవాళ్లు, ఒకే బండి మీద వచ్చారు. మూర్తి ఫోటో కట్టారు. పూలు వేశారు. స్విచ్ వేశారు.

అదే ట్యూన్. ఇప్పుడు వాడి పేరు పెట్టారు. మూర్తన్న వచ్చిండు, అడ్డమొస్తే నరుకుతడు.

నేను ఇంట్లోకి పోయి రోకలి తెచ్చాను.

"అవ్వా, ప్రేమతోనే పెట్టినం" అన్నాడొకడు.

"వాన్ని సంపిన పాటతోనే వాన్ని సాగదోలుతరార?"

మిక్సర్ మీద కొట్టాను. ఆగలేదు. లాప్‌టాప్ మీద కొట్టాను. ఆగింది. ఎవడో తోశాడు. మోకాలు చిట్లింది, మోచెయ్యి చీరుకుని నెత్తురు కారింది. లేచి స్పీకర్‌ను కూడా పొడిచాను. దగ్గరికి వచ్చి ఉంటే వాడినీ కొట్టేదాన్ని.

ఆ పూట నాకు ఏ భయమూ లేదు. ఇప్పుడు ఉంది. కేసు పెడతారేమో, ఇంటి మీదికి వస్తారేమో.

రానీ.

మూర్తిని మోసుకుపోతుంటే అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

పొద్దున ఫోన్ చూస్తే మీలో కొందరు ఆ పాటే స్టేటస్ పెట్టుకున్నారు. కింద ఏడుపు బొమ్మలు. తీసేయండి. వాడు కడుపు కోసం అమ్ముకున్న పాట అది. వాడు తన కోసం చేసుకున్నవి సలీం దగ్గర ఉన్నాయి. అర్థం కాకపోయినా పర్వాలేదు, నాకూ కాలేదు. అడిగి తెచ్చుకుని వినండి.

మూర్తీ, పోయిరా కొడుకా.

నువ్వున్న చోట నిన్నెవరూ తొందరపెట్టకూడదు. నెమ్మదిగా ఉండు.