ముల్లెత్తే లూషియస్

లూషియస్ పెట్‌వే ఏ పాటనీ చివరిదాకా మోగనిచ్చిన పాపాన పోలేదు. మెంఫిస్‌లో, మా ఆరెంజ్ మౌండ్ పేటలో ఆయనది రికార్డుల కొట్టు. పక్కనే నా సెలూన్. మధ్యలో అట్టముక్కలాంటి గోడ. తొంభైల్లో మా పేటలోనే పెరిగి పేరు తెచ్చుకున్న ర్యాపర్ డీకన్ వెల్ట్ మూడు ఆల్బమ్‌లు, ఒక్కో పాటతో ఎనిమిది సింగిల్స్ చేశాడు. లూషియస్ పొద్దస్తమానం అవే వేస్తాడు. పాట ఊపందుకోగానే చటుక్కున రికార్డు మీది ముల్లెత్తి, కాస్త అవతల పెడతాడు.

"పెద్దాయనా, అమ్మేది పాటలా, పాట ముక్కలా?" అని ఏడిపించేవారు కొనడానికొచ్చినవాళ్లు.

"నీకు కావలసింది సింగిలా, ఆల్బమా?"

"సింగిలే."

"అయితే మూడు ముక్కలు. ఆల్బమైతే నలభై."

మా చెల్లెలి పెళ్లికి పాటలు వేయమని పిలిచాను. ఎత్తిన కాలు దించేలోగా పాట తెగిపోయేది. పెళ్లికొడుకు కేకు మీద పడ్డాడు.

మర్నాడే వెళ్లి దులిపేశాను. "నీకేమైనా పిచ్చా అన్నా?"

లూషియస్ గొంతు తగ్గించాడు. "వెర్నెల్, గురువారం గురువారం నీ కుర్చీలో కూర్చునేదెవరు?"

మిస్ యూలా. చర్చిలో పాటల బృందానికి పెద్ద. వెల్ట్ కన్నతల్లి. పాటల్లో బూతులున్నాయని కొడుకు రికార్డు ఒక్కటీ గడప దాటనివ్వలేదు. తొంభై ఎనిమిదిలో, ఆ తగవు తీరకుండానే, వెల్ట్ కారు ప్రమాదంలో పోయాడు.

"మట్టి చేసి వస్తుంటే అడిగింది. 'వాడి పాటల్లో నేను వినదగ్గ మాట ఒక్కటైనా ఉందా, లూషియస్?' అని. బోలెడున్నాయమ్మా అన్నాను. ఆ మాట నిలబెట్టుకోవాలి కదా. అందుకే బూతు వచ్చే చోటల్లా ముల్లెత్తేస్తాను."

"మరి పెళ్లిలో ఎందుకయ్యా?"

"చెయ్యి అలవాటుపడిపోయింది."

ఆ తర్వాత ఇరవై ఏళ్లు గడిచాయి. కిందటేడు లూషియస్‌కి కంట్లో శుక్లం తీశారు. కట్టు విప్పకుండానే కొట్టు తెరిచాడు. అది గురువారం, మిస్ యూలా నా కుర్చీలోనే ఉంది. ముల్లు ఎక్కడుందో ఆయనకి ఆనలేదు. వెల్ట్ నోటి నుంచి పచ్చి బూతు గోడ దాటి వచ్చి మా మధ్య పడింది. సెలూన్‌లో దువ్వెనలన్నీ ఆగిపోయాయి.

లూషియస్ ఒంటికన్నుతో పరుగెత్తుకొచ్చాడు. "మిస్ యూలా, ఇప్పుడు మీరు విన్నది..."

"ఏమిటి నాయనా? ఈ డ్రయ్యర్ హోరులో నాకేం వినబడుతుంది?"

ఆయన గుండె మీద చెయ్యేసుకుని వెళ్లిపోయాడు. డ్రయ్యర్ పాడై అప్పటికి రెండు రోజులు.

మిస్ యూలా అద్దంలోంచి నన్ను చూసింది. "మా వాణ్ణి మట్టి చేసిననాడు బోలెడున్నాయన్నాడు కదా, ఆ వారమే ఊరవతలికెళ్లి రికార్డులన్నీ కొనుక్కున్నాను. రెండో ఆల్బమ్, నాలుగో పాట ఇది. ఆ బూతు వెనకాలే మా వాడు నా పేరు చెబుతాడు. పిచ్చి లూషియస్ ఎప్పుడూ అక్కడే ఎత్తేస్తాడు."

"ఆ సంగతి ఆయనకి చెప్పకపోయారా?"

"నా చెవులు చల్లగా ఉండాలని ఇన్నేళ్లు నిలబడ్డాడే! ఎలా చెప్పనూ?"

కళ్లు మూసుకుని ఆ చరణం మొత్తం, ఒక్క మాటా వదలకుండా, చర్చిలో పాడే గొంతుతో మెల్లగా పాడింది.