పిజ్జా టిఫినా, భోజనమా?

ఆ రోజుల్లో మాదాపూర్‌లో మా ఆఫీసువాళ్లెవరికైనా పిజ్జా తినాలనిపిస్తే ముందు నన్ను అడిగేవారు. ఇది గొప్ప కోసం చెప్తున్న మాట కాదు, అక్కడ నన్ను అసలు పేరుతో పిలిచేవాళ్లే తక్కువ. హెచ్‌ఆర్ అమ్మాయి కూడా "పిజ్జా అన్నా, మీ ఆధార్ కాపీ ఇవ్వలేదు" అని మెసేజ్ పెట్టేది. నేను రాసే కోడ్ గురించి మా మేనేజరుకు చాలా అనుమానాలుండేవి (అవి ఊరికే పుట్టినవి కావని ఇప్పుడు ఒప్పుకోవచ్చు). కానీ ఈ మహానగరంలో మంచి పిజ్జా ఎక్కడ దొరుకుతుందన్న విషయంలో ఆయన కూడా నా మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. పుణె నుంచో బెంగళూరు నుంచో పెద్ద సార్లు వస్తే, మధ్యాహ్నానికి వాళ్లను నాకు అప్పగించి తను ఇంటి నుంచి అన్నం డబ్బా తెచ్చుకునేవాడు. ఇరవై ఐదు నిండని కుర్రాడికి ఇంతకంటే హోదా ఏం కావాలి? నేను నడిచే తీరే మారిపోయిందని మా అమ్మ అనేది.

మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డులు పెట్టుకున్న దుకాణాలను నేను లెక్కలోకే తీసుకునేవాణ్ణి కాదు. కొండాపూర్‌లో ఒకచోట చీజ్ బాగుండేది గానీ పిండి సరిగ్గా కాలేది కాదు. గచ్చిబౌలిలో ఇంకోచోట పిండి అద్భుతంగా కాలేది గానీ, సాస్‌లో పాయసానికి పోసినట్టు చక్కెర పోసేవారు. ఇలా వారాంతాలన్నీ తిరిగి తిరిగి, చివరికి మాదాపూర్‌లోనే, హాస్టళ్ల వెనక సందులో, జిరాక్స్ షాపుకూ టైలర్ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న హోటల్లో నా వెతుకులాట ముగిసింది. అక్కడ కట్టెల పొయ్యి ఉండేది. ఆ పొయ్యిని చూసుకునే ఆయన్ని అందరూ గడ్డం మాస్టర్ అనేవారు. ముందురోజు కలిపి పులియబెట్టిన పిండిని చేత్తోనే సాగదీసి పొయ్యిలోకి తోసేవాడు. అంచు ఉబ్బి అక్కడక్కడా మాడేది, మధ్యలో పల్చగా ఉండేది, పైన చీజ్ ఇంకా బుడగలు వేస్తుండగానే బల్ల మీదికి వచ్చేది. అయితే ఆ పిజ్జాకు ఒక గుణం ఉంది. వచ్చిన వెంటనే తినాలి. కాసేపు ఆగితే అంచు చెప్పు అట్టలా తయారవుతుంది. అందుకే అక్కడికి నాతో వచ్చినవాళ్లు ఫోటోలు తీస్తూ కూర్చుంటే నేను నిజంగానే కోపం తెచ్చుకునేవాణ్ణి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకొక సంబంధం వచ్చింది. మా నాయినకు బాలానగర్‌లో లేత్ వర్క్‌షాపు. అక్కడికి ఒక మెషీన్ల కంపెనీ నుంచి ఆర్డర్లు తెచ్చే గోదావరి జిల్లా పెద్దమనిషి ఒకాయన, బేరమాడీ ఆడీ, చాయ్ తాగీ తాగీ మా నాయినకు దోస్తు అయిపోయాడు. ఆయనకో కూతురు. మణికొండలో ఉంటారు, ఆ అమ్మాయిదీ మా దగ్గర్లోనే ఉద్యోగం. "అన్నగారూ, పిల్లలు ఒకసారి మాట్లాడుకుంటే తప్పేంటండీ" అని ఆయనే అన్నాడు. నాయిన నా నంబరు ఇచ్చాడు, నంబరుతో పాటు నా పిజ్జా పాండిత్యం గురించి కూడా చెప్పాడు (కొడుకు గురించి చెప్పడానికి ఇంకేం తట్టలేదనుకుంటాను).

"మీకు పిజ్జాల గురించి బాగా తెలుసట కదండీ" అంది ఆమె ఫోన్లో. ఇక చూడండి, తెలివైన వాడెవడైనా అక్కడ నవ్వి ఊరుకుని ఆమె ఇష్టాయిష్టాలు అడుగుతాడు. నేను పిండి పులిసే పద్ధతి దగ్గర మొదలుపెట్టి, కొండాపూర్, గచ్చిబౌలి దాటుకుని, కట్టెల పొయ్యి దగ్గరికి వచ్చేసరికి నా ఫోన్ వేడెక్కింది. ఆమె ఓపిగ్గా విని, "ఇంత చెప్పారు కదా, అక్కడే కలుద్దామండి. తిన్నాక నా మాట చెప్తాను" అంది. "పిజ్జా గురించా?" అన్నాను. "అన్నిటి గురించీనండి" అని నవ్వింది. ఆ నవ్వు విన్నాక నాకు ఇంకో సంబంధం చూడాలన్న ఆలోచనే పోయింది. ఈమె కాదంటే ఎలా అన్న భయం మాత్రం ఆ క్షణమే పట్టుకుంది.

మేమిద్దరమే వెళ్లాలన్నది మా ఆలోచన. కానీ ఈ కబురు ఎలాగో మా మేనత్త చెవిన పడింది. నాయినకు ఆమె అక్క. మా ఇంటి పెళ్లిళ్లూ పేరంటాలూ ఆమె ఊ అంటేనే కదులుతాయి. "పెద్దమనుషులు లేకుంట పిల్లను చూసుడేంది? నేనూ వస్త" అంది. ఆమె వస్తే నాయిన రాక తప్పదు, నాయిన వస్తే అమ్మ (మేనత్త ఉన్న చోట అమ్మ నోరు విప్పదు, అయినా వస్తుంది). మేం ఇంతమంది వస్తున్నామని తెలిసి అటువైపు నుంచి ఆ అమ్మాయి అమ్మానాన్నలూ బయల్దేరారు. ఆదివారం మధ్యాహ్నం ఆ చిన్న హోటల్లో రెండు బల్లలు కలిపి వేయించి, పట్టుచీరల మధ్య నేను ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాను. ఎదురుగా ఆమె, ఆకుపచ్చ చుడీదార్‌లో. అందరూ కుశల ప్రశ్నలు వేసుకున్నారు, మేమిద్దరం మంచినీళ్ల గ్లాసులు చూసుకున్నాం.

పిజ్జా వచ్చింది. గడ్డం మాస్టర్ ఆ రోజు తన పనితనమంతా చూపించాడు. అంచు పొంగి ఉంది, తులసాకులాంటి ఆకులు చీజ్‌లో ఇంకా చిటపటలాడుతున్నాయి. నేను గర్వంగా చెయ్యి చాపబోతుండగా మేనత్త ఆపింది.

"జర ఆగు. దీని పైసలు ఎవలు ఇస్తున్నరు?"

"అయ్యో, అదంతా మేం రాగానే ఇచ్చేశామండీ. మా అమ్మాయి తరఫున ఆమాత్రం మర్యాద ఉండొద్దా అండీ" అన్నాడు అమ్మాయి నాన్న సంతోషంగా.

మేనత్త చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. "అయితే మేమెట్ల తింటం? సంబంధం ఖాయం కాకముందుకు పిల్ల తరఫోల్ల దగ్గర భోజనం చేయొద్దు. చాయ్ తాగొచ్చు, మిచ్చర్ తినొచ్చు. భోజనం చేస్తే మాట ఇచ్చినట్టే."

మా ఇళ్లల్లో ఈ పట్టింపు ఉన్న సంగతి నాకు తెలుసు. పిజ్జాకు కూడా ఇది వర్తిస్తుందని మాత్రం నాకు కలలో కూడా తట్టలేదు. అమ్మాయి వాళ్లమ్మ నవ్వుతూ సర్దిచెప్పబోయింది. "ఇది భోజనమేంటండీ వదినగారూ, టిఫినే కదా. అన్నం లేకుండా భోజనం ఎలా అవుతుందండీ?"

"మా దిక్కు రొట్టెనే బువ్వ" అంది మేనత్త. "మా నాయిన జొన్నరొట్టె తినుకుంటనే ముసలోడయ్యేదాక బతికిండు. అంటే ఆయన జిందగీ మొత్తం టిఫిన్లే చేసిండా?"

నాయిన ముందుకు వంగి పిజ్జాను ఒక కంటితో చూశాడు, లేత్ మీద పెట్టబోయే ఇనుప బిళ్లను చూసినట్టు. జేన వేసి కొలిచాడు కూడా. "గింత పెద్దది టిఫిన్ అంటే ఎవడు నమ్ముతడు? పైగా పగటి బువ్వ టైం" అన్నాడు. అమ్మాయి నాన్న జీవితమంతా బేరాలాడిన మనిషి కాబట్టి ఒక మధ్యేమార్గం చూపించాడు. "అన్నగారూ, సగం తింటే టిఫిననీ, మొత్తం తింటే భోజనమనీ అనుకుందామండీ." మేనత్త ఒప్పుకోలేదు. సగం మాట ఇచ్చుడు ఎక్కడన్నా ఉంటదా అంది.

చివరికి తీర్పు కోసం గడ్డం మాస్టర్‌ను పిలిచారు. ఆయన అబద్ధం ఆడలేని మనిషి. "పొద్దున పూట మేం తెరవమండి. టిఫిన్లు మా దగ్గర ఉండవు" అన్నాడు. అది చాలదన్నట్టు, ఎవరూ ముట్టుకోని పిజ్జా వంక జాలిగా చూసి, "పోనీ పార్సిల్ కట్టమంటారా?" అని అడిగాడు. ఆ పిజ్జాను డబ్బాలో పెట్టడమంటే నాకు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు.

అప్పటికే చీజ్ మీద మెరుపు తగ్గుతోంది. ఆకులు చప్పుడు చేయడం మానేశాయి. మేనత్త నడుం బిగించి, "అయితే ముచ్చట ముందుగాల తేల్చుకుందాం. బిడ్డా, నీకు మా పిలగాడు నచ్చిండా?" అని సూటిగా అడిగింది.

ఆమె కంగారు పడలేదు. "తిన్నాక చెప్తానని ఆయనతో అన్నానండి" అంది.

"మేం ఖాయమైతేనే తింటం బిడ్డా."

"నేను తిన్నాకే చెప్పగలనండి."

"మరి నువ్వన్న ముందుగాల తినరాదు?"

"మగపెళ్లివారు ముట్టుకోకుండా తనెలా తింటుందండీ" అంది వాళ్లమ్మ.

అటు మేనత్తా, ఇటు ఆ అమ్మాయీ నిజాయితీగానే ఉన్నారు. అదే నా ఖర్మ. ఆమె కొంచెం ముందుకు వంగి, మెల్లగా, "ఇది ఇంకా ఎంతసేపు బావుంటుందండీ?" అని అడిగింది. మేం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్న మొదటి మాట అదే.

"అయిపోయిందండి. ఇంకో నిమిషం ఆగితే చెప్పుల కొట్టుకు ఇవ్వడమే" అన్నాను.

ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఆ నవ్వును చూశాక, బుద్ధిగా ఆలోచించే శక్తి నాలో ఎంత ఉందో అంతా పోయింది. ప్రేమ వల్ల చేశానో, పిజ్జా మీద జాలితో చేశానో ఇప్పటికీ తేల్చుకోలేను. చెయ్యి చాపి ఒక ముక్క తీసి, మడిచి, నోట్లో పెట్టేసుకున్నాను.

మేనత్త కళ్లు పెద్దవయ్యాయి. "తిన్నడు" అంది. నాయిన నా వైపు చూసి, మేనత్త వైపు చూసి, ఇక చేసేదేం లేదన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. అప్పటిదాకా నోరు విప్పని మా అమ్మ, "సల్లారుతున్నది, మీరు గూడ తినుండ్రి" అని అందరికంటే ముందు తనే ఒక ముక్క తీసుకుంది. అటువైపు పెద్దాయన లేచి నిలబడి, ఇన్నేళ్లుగా అన్నగారూ అన్నగారూ అంటున్న మా నాయిన పళ్లెంలో తనే ఒక ముక్క వడ్డించాడు. "తీసుకోండి బావగారూ" అన్నాడు.

మా వైపు నుంచి మాట ఇచ్చేసినట్టే. మిగిలింది ఆమె. ఒక ముక్క తీసుకుని, తొందర లేకుండా, అంచు దాకా తిన్నది. అందరూ నములుతున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నారు. నేను నటించను కూడా లేదు. అంత భయం నాకు డిగ్రీ పరీక్షలప్పుడు కూడా లేదు. ఆమె చేతులు తుడుచుకుని నా వైపు చూసి, "మామూలుగా ఉందండి" అంది.

ఏం చెప్పను. కొండాపూర్, గచ్చిబౌలి, నా హోదా, నా వారాంతాలు, అన్నీ కలిపి నేలమట్టమైపోయాయి.

"చల్లారిపోయింది కదండీ" అంది ఆమె. "ఇలా చూసి మంచిదో కాదో ఎలా చెప్తాం? ఇంకోసారి మనిద్దరమే వద్దాం. వేడిగా తిందాం."

మేనత్త అటూ ఇటూ చూసింది. "ఏందిది, గిప్పుడు ఖాయమైనట్టా, కానట్టా?"

"అయినట్టేనండి వదినగారూ" అంది వాళ్లమ్మ, కళ్లు తుడుచుకుంటూ. నేను గబగబా ఇంకో ముక్క తిన్నాను. అది నిజంగానే చెప్పు అట్టలా ఉంది, అయినా ఆగకుండా తిన్నాను.

మళ్లీ వారం మేమిద్దరమే వెళ్లాం. అదే బల్ల, అదే పొయ్యి. ఆమె తన ఆఫీసు సంగతులు చెప్పింది, నేను మా వర్క్‌షాపులో చిన్నప్పుడు లేత్ మీంచి రాలే ఇనుప చుట్టలతో ఆడుకుని చేతులు కోసుకున్న సంగతి చెప్పాను. గోదావరి రొయ్యల మీద ఒక గొడవ పడ్డాం, మా అంకాపూర్ కోడికూర మీద ఇంకో గొడవ. గడ్డం మాస్టర్ వచ్చి మా పక్కన నిలబడి, "ఏమైందన్నా, బాగా కుదర్లేదా ఇయ్యాళ?" అని అడిగేదాకా మాకు తెలియలేదు. బల్ల మీద పిజ్జా ఎప్పుడో వచ్చింది. ఒక్క ముక్క కూడా కదల్లేదు. చీజ్ గట్టిపడి గీతలు తేలింది.

ఆమె ఒక ముక్క తీసుకుని కొరికింది. "ఇవాళ చాలా బావుందండి" అంది.

ఆ హోటల్ ఉన్న చోట ఇప్పుడు ఒక పెద్ద హాస్టల్ లేచింది. గడ్డం మాస్టర్ ఎటు వెళ్లాడో తెలియదు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చి మంచి పిజ్జా ఎక్కడ సార్ అని అడుగుతారు (అన్న అనడం మానేసి చాలా కాలమైంది). నాకు తెలిసింది చెప్తాను. వాళ్లు తినకుండా ఫోటోలు తీస్తూ, కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారని తెలుసు, అయినా ఇప్పుడు ఏమీ అనను. పిజ్జా చల్లారితే ప్రపంచం మునిగిపోతుందన్నట్టు పట్టుచీరల మధ్య చెమటలు కక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దుగానూ ఉంటుంది. ఈ ఊళ్లో నేను తిన్న ప్రతి పిజ్జా రుచీ నాకు గుర్తే. ఆ రెండో ఆదివారం తిన్నదాని రుచి మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తు రాదు. ఆమె మాట్లాడిన మాటలు మాత్రం, రొయ్యల గొడవతో సహా, ఒక్కటీ పోలేదు.