మా వంశంలో ఎవరికీ లేని జబ్బు

నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తున్నాను, మూడేళ్ళుగా డిప్రెషన్‌కు మాత్రలు మింగుతున్నాను. వీటిలో మొదటిదాన్నే మా ఇంట్లో నలుగురికీ చెప్పుకుంటారు.

మాత్రలు రాసే డాక్టరమ్మ ఒకరోజు కొత్త సంగతి చెప్పింది. ఈ జబ్బు తరం నుంచి తరానికి నెత్తురులో ఎట్లా దిగుతుందో వెదికేవాళ్ళు ఉన్నారట. ఇంతకాలం ఎక్కువగా తెల్లవాళ్ళ నెత్తురునే పరీక్షించారట, అక్కడ దొరికిన గుర్తులు మనబోటివాళ్ళకు సరిగ్గా సరిపోవడం లేదట. దిగులులో కూడా మనల్ని లెక్కలోకి తీసుకోలేదా అని నాకు రోషం వచ్చింది. మా ఇంటివాళ్ళ చేత నెత్తురు ఇప్పిస్తానని ఒప్పుకున్నాను.

మా సొంతూరు ఉద్దనపల్లిలో ఇంటికి పెద్ద మా పెద్దనాయన. నేను చెప్పినదాంట్లో ఆయన చెవికెక్కింది ఒక్కటే, మనుషులు వచ్చి మా వంశం గురించి అడుగుతారని. అట్లా అడిగేవాళ్ళు ఆయనకు తెలిసినంతలో పెళ్ళి సంబంధంవాళ్ళే. పైగా మా చెల్లెలికి రాయకోట సంబంధం మాటల్లో ఉంది. ఇల్లంతా కడిగించాడు. ఆడవాళ్ళను పట్టుచీరలు కట్టుకోమన్నాడు, మగవాళ్ళ పంచెలకు ఇస్త్రీ చేయించాడు. నన్ను మాత్రం పక్కకు పిలిచాడు.

"ఆ పొద్దు నువ్వు బేరిగైకి, మీ మేనత్తోళ్ళింటికి పోయి రామ్మా."

జబ్బు గురించి పరిశోధనకు వస్తుంటే, జబ్బున్న మనిషి మాత్రం ఊళ్ళో ఉండకూడదు.

"నేను యాడికీ పోను పెద్దనాయనా, వాళ్ళను పిలిచింది నేనే" అన్నాను.

వచ్చింది కృష్ణగిరి వైపు అమ్మాయి, సూదుల పెట్టెతో, ఒక కట్ట కాగితాలతో. పెద్దనాయన ఎదురుగా కూర్చొని అందరి తరఫునా తానే జవాబు చెప్పాడు.

"మా వంశంలో ఎవురికీ ఏ జబ్బూ లేదమ్మా. కావల్లంటే ఊర్లో అడుగు."

ఆయన చెప్పింది నిజమే. మా అవ్వ రెండేళ్ళు గోడవైపు తిరిగి పడుకుంది, అది ఒంటి వేడి. మా చిన్నాయన టమాటా తోటలో మోటరు షెడ్డులో మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాడు, అది గాలి సోకడం. నాది సోమరితనం. ఇట్లా తలా ఒక పేరు పంచాక డిప్రెషన్‌కు మా ఇంట్లో మనుషులే మిగల్లేదు.

"దగ్గరి చుట్టరికంలో పెండ్లిండ్లు జరిగినాయా అప్పా?" అని ఆ అమ్మాయి అడిగింది.

పెద్దనాయన మీసం దువ్వాడు. "బయటి పిల్లను తెచ్చే అలవాటే లేదు మాకు. నాలుగు తరాలుగా అక్క కూతురో, మేనమామ కూతురో. నెత్తురు చెదరనియ్యలేదు."

ఆ అమ్మాయి గబగబా రాసుకుంది. అది మెచ్చుకోలు అనుకొని ఆయన ఇంకా హుషారుగా, ఎవరు ఎవరిని చేసుకున్నదీ తరాల వారీగా ఏకరువు పెట్టాడు. మా అమ్మ కూడా అందులో ఉంది, మా నాయనకు సొంత అక్క కూతురు. దాచాలనుకున్నదాన్ని వెదకడానికి దారి ఆయనే చూపిస్తున్నాడని నాకు నవ్వొచ్చింది. ఎట్లాగో ఆపుకున్నాను.

"ఇంగ ఒక్కొక్కరు వేరేగా చెప్పల్ల అప్పా" అంది ఆ అమ్మాయి. "ఒకరి బదులు ఒకరు చెప్పకూడదు."

పెద్దనాయన ముఖం చిన్నబోయింది. చదువు రానివాళ్ళకు ప్రశ్నలు చదివి వినిపించే పని ఆ అమ్మాయి నాకు అప్పగించింది.

అమ్మను పశువుల కొట్టం పక్కకు తీసుకుపోయాను. అమ్మ ఎవరితోనైనా మాట్లాడేది తక్కువ, నాతో మరీ తక్కువ. కాగితం మీద తమిళంలో ఉన్నదాన్ని తెలుగులో అడుగుతూ పోయాను.

"ఎప్పుడన్నా దినాల తరబడి దేని మీదా మనసు పోక, బతకబుద్ధి కాకుండా ఉండిందామ్మా?"

'లేదు' అన్నచోట పెన్ను పెట్టుకొనే అడిగాను.

"ఉండింది" అంది అమ్మ. "నువ్వు పుట్టినాక, నాలుగేండ్లు. నువ్వు ఏడుస్తా ఉంటే ఎత్తుకోవల్లని తెలుస్తా ఉండె. చేతులు లేస్తా ఉండలేదు. ఎవురికీ చెప్పలేదు నేను."

అమ్మకు నేనంటే గిట్టదని ముప్పై రెండేళ్ళుగా నమ్ముతూ వచ్చినదాన్ని. ఏడుపు వచ్చింది, రాయలేకపోయాను.

"రాయి" అంది అమ్మ. "నీ మాత్రలకు పనికొస్తాదేమో."