పైపు మూతికి గుడ్డ

ఇవాళ మిద్దె మీద మొక్కల పైపుకు కొత్త కప్లింగ్ ఎక్కించడానికి పైపు కొస మెత్తబడాలని వేడినీళ్ళలో ముంచాను. ఆ రబ్బరు వాసనకు నా పెదాలు వాటంతటవే బిగుసుకున్నాయి.

ఇలా నీళ్ళు పట్టుకున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మడకశిర దగ్గర మా ఊళ్ళో ట్యాంకరు నీళ్ళు డ్రమ్ముకు పట్టుకునేవాళ్ళం. పైపు ఒక కొస డ్రమ్ములో ముంచి, రెండో కొస నోటితో పీలిస్తే నిమ్మచెట్టుకు నీళ్ళు దిగేవి. పని కాగానే పైపు చుట్టేసి, రెండు మూతుల్లోనూ గుడ్డ కుక్కాల్సిందే. అది మా అవ్వ పెట్టిన నియమం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నా వైపు గుడ్డ పీకి పైపు నోట్లో పెట్టుకున్నాను. రెండో కొసను డ్రమ్ములో ముంచబోతూ నాయన ఆగిపోయాడు.

"ఈ పక్క గుడ్డ లేదే. పీల్చాకు పాపా, పైపు మెల్లగా నోట్లోంచి తీయి."

మా నాయన అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. పైపు కిందికి వంచాను. ఆయన అటునుంచి చెంబుతో నీళ్ళు పోశాడు. నా కొసలోంచి తేలు జారి పడింది. దాని వీపు నిండా తెల్లటి పిల్లలు.

నాయన చెప్పు తీశాడు. పక్కనే ఉన్న అవ్వ మాత్రం తేలు వైపు చూడలేదు. నా గడ్డం పట్టుకుంది.

"నోరు తెరువు పాపా. ఒక్క పిల్లన్నా లోపలికి పోయిందేమో చూడాల."

ఏమీ లేదనే చెప్పింది. అయినా ఈ వాసన తగిలితే, ఇప్పటికీ నాలుక కింద తడుముకుంటాను.