మా బోర్డు మీది కంబదూరు బోరు

సర్వర్ రూమ్ అంటే చల్లగా కూర్చుని జీతం తీసుకునే చోటని మా ఆస్పత్రిలో అందరికీ గట్టి నమ్మకం. ఎండాకాలం వస్తే ఆ నమ్మకం కాస్తా కుళ్ళుగా మారుతుంది. బయట అనంతపురం ఎండకు రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటుంటే, లోపల మేం ముగ్గురం స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటాం. పనీపాటా లేనివాళ్ళు చేతిలో ఏదో ఒక కాగితం పట్టుకుని వచ్చి, తలుపు తీసి, "అబ్బ, స్వర్గం!" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. స్వర్గంలో పొద్దస్తమానం ఫోన్లు మోగుతాయా?

"అన్నా, సిస్టం పోయింది" అని బిల్లింగ్ కౌంటర్ నుంచి ఫోన్ వస్తుంది. "యాడికి పోయిందమ్మా? చెప్పి పోయిందా, చెప్పకుండా పోయిందా?" అని మా ధర్మవరం తమ్ముడు తీరిగ్గా అడుగుతాడు. వెళ్ళి చూస్తే ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ప్లగ్గు ఊడి ఉంటుంది. ల్యాబ్‌లో ప్రింటర్ పనిచేయదని డాక్టరు గారు అరుస్తారు. వెళ్ళి చూస్తే అందులో కాగితం ఉండదు. ఇలాంటివి రోజుకు ఎన్ని చూస్తామో లెక్క లేదు. నవ్వుకోకపోతే ఈ ఉద్యోగం చేయలేం.

మా ముగ్గురిలో పెద్దవాడిని అన్న అంటాం. ఊరు కంబదూరు దగ్గర పల్లె. భార్యాపిల్లలతో అనంతపురంలోనే అద్దెకు ఉంటాడు. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. చిన్నవాడు తమ్ముడు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. ఇక నేను చిలమత్తూరు దాన్ని. నాకు కోపం ఎక్కువని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

మా గోడ మీద పెద్ద టీవీ ఒకటి ఉంది. దాన్ని బోర్డు అంటాం. ఆస్పత్రిలో ఉన్న ప్రతి సర్వరుకూ, ముఖ్యమైన ప్రతి మెషీనుకూ దాని మీద ఒక గడి ఉంటుంది. పనిచేస్తుంటే పచ్చగా, ఆగిపోతే ఎర్రగా ఉంటుంది. ఏ గడి ఎర్రబడినా బోర్డు కుయ్యిమని అరుస్తుంది, మా ముగ్గురి ఫోన్లకూ మెసేజ్ వస్తుంది. పెద్ద పని పెట్టుకున్న రోజు మాత్రం ముందు దాని నోరు మూయిస్తాం. ఆ రోజు సర్వర్లను మేమే ఆపుతూ, మేమే లేపుతూ ఉంటాం కాబట్టి, ప్రతిదానికీ అది అరిస్తే పిచ్చెక్కుతుంది. అందుకని గడులన్నీ ఒకేసారి ఎంచుకుని, మ్యూట్ చేసి, అప్పుడు పనిలోకి దిగుతాం. ఇది అన్న మాకు నేర్పిన మొదటి పాఠం. ఒక్కటి కూడా వదలొద్దనేవాడు. వదిలిన ఆ ఒక్కటే సరిగ్గా పని మధ్యలో అరిచి, మనిషిని కంగారు పెట్టి, తప్పు బటన్ నొక్కిస్తుందని చెప్పేవాడు.

అన్నకు ఊళ్ళో చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉండేది. చీనీ అంటే వేరుశనగ లాంటిది కాదు. వాన రాక వేరుశనగ పోతే ఒక పంట పోతుంది. చీనీ చెట్టు ఎండితే దాన్ని పెంచిన ఏళ్ళన్నీ పోతాయి. అన్న ఆ మొక్కలకు బిందెలతో నీళ్ళు మోసి, మేకలు కొరక్కుండా చుట్టూ కంప కట్టి పెంచాడు. కాపు మొదలైంది, ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటే ఊరికి వెళ్ళిపోయి తోట చూసుకుంటూ బతకొచ్చని లోలోపల ఆశ పెట్టుకున్నాడు. ఆ సంగతి మాకు ఒక్కసారే చెప్పాడు, అదీ సిగ్గుపడుతూ.

తోటలో వేసిన బోర్లలో ఒక్కటే మిగిలింది. అది కూడా కాసేపు పోసి ఆగేది. నీళ్ళు ఆగిపోయాక మోటారును అలాగే తిరగనిస్తే కాలిపోతుంది. నీళ్ళు లేకపోతే మోటారును దానంతట అదే ఆపే ఏర్పాటు స్టార్టరులో ఉంది గానీ, ఈ బోరుకు అది పనికిరాలేదు. నీళ్ళ మధ్య గాలి రాగానే మోటారును ఆపేసేది. కాసేపు ఓపిక పడితే ఆ గాలి వెనకే మళ్ళీ నీళ్ళు వచ్చేవి. అందుకని అన్న ఆ ఏర్పాటు తీసేయించాడు. కరెంటు రాగానే మోటారు తిరగడం మొదలుపెట్టేది, ఆపడం మాత్రం అన్న ఫోన్‌లోంచి చేసేవాడు. తోట దగ్గర మనిషిని పెట్టుకునే స్తోమత లేదు.

అసలు ఎప్పుడు ఆపాలో ఈడ కూర్చుని తెలిసేదెట్లా అని అన్న ఒక రోజు దిగులుగా అంటే, తమ్ముడు సెన్సర్ ఒకటి తెప్పించాడు. ఆదివారం ఇద్దరూ పోయి దాన్ని బోరు పైపుకు బిగించి వచ్చారు. సోమవారం మా బోర్డు మీద, ఎక్స్‌రే సర్వర్ పక్కన, కొత్త గడి కనిపించింది. కంబదూరు బోరు. నీళ్ళు పారుతుంటే పచ్చ, ఆగితే ఎరుపు. దాన్ని చూసి ముగ్గురం కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

"మన మెయిల్ సర్వర్ కంటే నీ బోరే నయమన్నా. రోజుకు కొంచేపన్నా పని చేస్తాది" అన్నాడు తమ్ముడు.

"దిష్టి పెట్టద్దురా."

"ఆటోమేటిక్‌గా ఆగేట్ల ప్రోగ్రాం రాసిస్తా అంటే వద్దంటివి. నీ పని తప్పుతాది కదన్నా."

"గాలి వచ్చిందో, నీళ్ళే అయిపోయినాయో నీ ప్రోగ్రాంకు ఏం తెలుస్తాదప్పా? నేను సూసి ఆపుతా. ఇట్లే ఉండనీ."

ఆ ఎండాకాలమంతా ఆ గడి మా ముగ్గురిదీ అయిపోయింది. అది ఎర్రబడగానే ఎవరు ముందు చూస్తే వాళ్ళు "అన్నా, బోరు!" అనేవాళ్ళం. అన్న ఫోన్ తీసి, కాసేపు ఆగి, మళ్ళీ పచ్చబడకపోతే మోటారు ఆపేవాడు. నీళ్ళు ఊరాక మళ్ళీ వేసేవాడు. అది పచ్చగా ఉన్నంతసేపూ అన్న కాళ్ళు బల్ల కింద నెమ్మదిగా ఊగుతూ ఉండేవి. ఆ సంగతి అన్నకు తెలియదు, నేనూ చెప్పలేదు.

ఎండలు బాగా ముదిరాక పాత సర్వర్లు మార్చే పని పడింది. ఓపీ ఉండదు కాబట్టి ఆదివారం పెట్టుకోమని మా మేనేజరు అన్నాడు. అన్న ప్రతి ఆదివారం తోటకు పోతాడు. ఇంకో రోజు చూద్దామా సార్ అని అన్న అడిగితే, "ఏమయ్యా, చెట్లేమన్నా పారిపోతాయా?" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి.

ఆదివారం పొద్దున్నే వచ్చాం. అన్న బోర్డు ముందు నిలబడి, ఎప్పటిలాగే గడులన్నీ ఎంచుకుని మ్యూట్ నొక్కాడు. అన్నీ బూడిద రంగుకు తిరిగాయి. ఎక్స్‌రే, ల్యాబ్, బిల్లింగ్, కంబదూరు బోరు. ఎన్నో ఏళ్ళుగా చేసిన పని, చెయ్యి దానంతట అదే చేసింది. ముగ్గురం అక్కడే ఉన్నాం. ఎవరికీ తట్టలేదు. తర్వాత ఫోన్లు బయట బల్ల మీద పెట్టి లోపలికి పోయాం. పని మధ్యలో ఫోన్ ముట్టకూడదన్నదీ అన్న పెట్టిన నియమమే.

పని బ్రహ్మాండంగా సాగింది. అంత సాఫీగా ఎప్పుడూ సాగలేదు. తమ్ముడు కేబుళ్ళు కడుతూ ఏవో కూతలు కూస్తూనే ఉన్నాడు, అన్న నవ్వుతూనే ఉన్నాడు. తెప్పించుకున్న చిత్రాన్నం అక్కడే కూర్చుని తిన్నాం. బోర్డు అరవలేదు కాబట్టి ఎవరూ దాని వైపు చూడలేదు.

ఎండ దిగేటప్పటికి కొత్త సర్వర్లు అన్నీ లేచాయి. అన్న చేతులు తుడుచుకుని వచ్చి మ్యూట్ తీశాడు. గడులు ఒక్కొక్కటిగా పచ్చబడ్డాయి. ఒక్కటి మాత్రం ఎర్రగా వచ్చి కుయ్యిమంది. ముందు మా ముగ్గురికీ అర్థం కాలేదు. ల్యాబ్‌దేమో అనుకుని తమ్ముడు లేచాడు. అన్న మాత్రం కదల్లేదు. తర్వాత మౌస్ పట్టుకుని ఆ గడి తెరిచాడు, ఫోన్ తెచ్చి మోటారు వివరాలు కూడా చూశాడు. పొద్దున కరెంటు వచ్చింది, మోటారు తిరిగింది, కాసేపటికే నీళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా మోటారు ఉత్తగా తిరుగుతూనే ఉంది. ఆపైన కరెంటు ఉన్నా తిరగడం లేదు.

"కాలిపోయింది" అన్నాడు అన్న. మాతో అన్నట్టు లేదు.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి పోయాడు. మర్నాడు మోటారును పైకి లాగుతుంటే, తుప్పు పట్టిన పైపు సగంలో విరిగింది. మోటారు బోరు లోపలికి జారి ఇరుక్కుపోయింది. ఇక ఆ బోరు పనికిరాదు. కొత్తది వేద్దామంటే, చుట్టుపక్కల ఎవరు వేసినా దుమ్ము తప్ప ఏమీ రావడం లేదు.

అదే రోజు మేనేజరు నుంచి అందరికీ మెయిల్ వచ్చింది. పని అద్భుతంగా జరిగిందని, రోజంతా ఒక్క అలర్ట్ కూడా రాలేదని, ఇలాంటి టీమ్ ఉండటం గర్వకారణమని రాశాడు. చదివి నేను నేరుగా ఆయన గదిలోకి పోయాను. "అరిచేదాని నోరు మూస్తే యాడ అరుస్తుంది సార్?" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. అయ్యో పాపం అన్నాడు, నీళ్ళు తాగమని గ్లాసు జరిపాడు. ఆ గ్లాసు ముట్టుకోకుండానే వచ్చేశాను.

నెల తిరిగేలోగా నేనూ తమ్ముడూ తోటకు పోయాం. దూరం నుంచి పచ్చగానే కనిపించింది. దగ్గరికి పోతే ఆకులు దొన్నెల్లా ముడుచుకుని ఉన్నాయి, చేత్తో పట్టుకుంటే పొడి అయిపోయాయి. అన్న ట్యాంకర్లు తోలించి కొన్నిటిని నిలబెట్టాలని చూశాడు. ఊళ్ళో తాగడానికే ట్యాంకర్లు చాలనప్పుడు చెట్లకు ఎవరిస్తారు? తమ్ముడు ఒక చెట్టు మొదట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నేను ప్రోగ్రాం రాసింటే అయిపోయిండేదన్నా. మోటారు అదే ఆగిపోయిండేది."

"నేను కదరా వద్దన్నది."

"నాకన్నా గుర్తు రాకపాయ."

"ఎట్ల వస్తాదప్పా? ఒక్కటి కూడా వదలద్దని నేనే కదా నేర్పిచ్చినా." అన్న వాడి భుజం పట్టుకుని లేపాడు. "లెయ్యి. ఈడ నీడ కూడా లేదు."

అన్న ఏడుస్తాడేమోనని నేను భయపడ్డాను. ఏడవకపోతే ఇంకా భయమేసింది. వానలు వచ్చాయి గానీ ఆలస్యంగా వచ్చాయి. అప్పటికే చెట్లు కొట్టించి ఇటుకల బట్టీకి తోలించేశాడు. ఊరికి వెళ్ళిపోయే మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

అన్న ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు. ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ప్లగ్గులు ఊడుతూనే ఉన్నాయి, తమ్ముడు మళ్ళీ జోకులు వేస్తున్నాడు. బోరు గడిని అన్నే తీసేశాడు, మాతో చెప్పలేదు. ఇప్పుడు బోర్డు మీద ఆస్పత్రివి తప్ప ఇంకేమీ లేవు. అప్పుడప్పుడూ పెద్ద పని పడుతుంది. అన్న గడులన్నీ ఎంచుకుంటాడు. మౌస్ మీద వేలు పెట్టి, నొక్కకుండా మా వైపు తిరుగుతాడు.

"ఇందులో ఎవురి బతుకన్నా ఉండాదేమో సూసుకోండప్పా" అంటాడు.

నేనూ తమ్ముడూ లేచి బోర్డు దగ్గరికి పోతాం. ల్యాబ్, ఎక్స్‌రే, బిల్లింగ్, మందుల షాపు. అన్నీ మాకు కంఠతా వచ్చు. అయినా పైనుంచి కిందిదాకా చదువుతాం. ఒకసారి తొందరలో ఉండి, లేదులే అన్నా అని కూర్చున్నచోటు నుంచే అనేశాను. అన్న వేలు కదల్లేదు, నా వైపే చూస్తూ ఉండిపోయాడు. అప్పటి నుంచి ఎంత తొందరున్నా లేచి పోతున్నాను.

"లేదన్నా, ఎవురిదీ లేదు" అని ఇద్దరం చెప్పాకే అన్న నొక్కుతాడు.