జాడీలో యెషయా, డబ్బాలో కుక్కరు

మా మంచం కింద ఎప్పుడూ ఎవరో ఒకరి సామాను ఉంటుంది. బహ్రెయిన్‌లో సెలవు మీద ఊరెళ్లేవాళ్లు బరువైనవన్నీ తెలిసినవాళ్ల గదిలో పెట్టి పోతారు. జింజ్‌లో మాది కాస్త పెద్ద ఫ్లాటు, పైగా నాకు మొహమాటం ఎక్కువ. అందుకే మా ఆయన ఆ మంచాన్ని గోడౌను అంటాడు.

ఆ ఏడాది జగిత్యాల వైపు అక్క ఒకావిడ తన డబ్బా తెచ్చింది. జిదాఫ్స్‌లో ఒకరింట్లో వంట చేసేది, శుక్రవారాలు మా తెలుగు క్రైస్తవ సహవాసానికి ప్రార్థనకి వచ్చేది. రెండు నెలల సెలవు. వీసా మళ్లీ కొట్టిస్తాడో లేదో కఫీల్, అంటే ఆమె వీసా చేతిలో ఉన్న యజమాని, తేల్చలేదు. "పోయిరా, చూద్దాం" అన్నాడట. చిన్న కూతురి నర్సింగు చదువు సగంలో ఉంది. ఈ ఉద్యోగం పోతే ఆ చదువూ ఆగిపోతుంది.

డబ్బాలో ప్రెషర్ కుక్కరు, దుప్పట్లు, అన్నిటికన్నా పైన జిప్పు కవరులో తెలుగు బైబిలు.

"బైబిలు కూడానా అక్కా?"

"ఇంటికాడ ఇంకోటున్నది చెల్లె. ఇది ఈడుంటే నేను రాకుంట ఉంటనా?"

బైబిలు ఉన్న డబ్బాకి కాళ్లు తగలకూడదని మంచం కింద పెట్టనివ్వలేదు, బీరువా మీదికి ఎక్కించింది. కుక్కరుకి కూడా ఆ గౌరవం దక్కింది.

ఆమె ప్రయాణానికి ముందు శుక్రవారం సహవాసంలో మాట్లాడే వంతు నాది. మైకు దొరికితే నాకు పండగే. మృత సముద్రం దగ్గర గుహల్లో, మట్టి జాడీల్లో దొరికిన పాత హెబ్రీ లేఖనాల గురించి వారమంతా వీడియోలు చూశాను. ఉత్త చేతులతో వెళ్తే బాగోదని మా ఆవకాయ జాడీ కడిగి పట్టుకెళ్లాను.

మేకల కాపరి గుహలోకి రాయి విసిరితే జాడీ పగిలిన చప్పుడు వినిపించడం, తర్వాత పురావస్తువాళ్లు గుహ గుహా గాలించడం, గోరంత తోలు ముక్కల్ని ఏళ్ల తరబడి పక్కపక్కన పేర్చుకుంటూ కూర్చోవడం, అన్నీ చెప్పాను. బైబిల్లోని యెషయా గ్రంథం ఇంచుమించు మొత్తం ఒకే తోలు చుట్టగా దొరికిందని, అప్పటిదాకా ఉన్న హెబ్రీ ప్రతులకన్నా అది సుమారు వెయ్యేళ్లు పాతదని, అయినా చాలావరకు అవే మాటలని చెప్పి, ఊపులో జాడీ మూత తీసి చూపించాను. ఎంత కడిగినా ఆవపిండి వాసన పోలేదు. ముందు వరసవాళ్లు యెషయాని వదిలేసి భోజనాల వైపు చూశారు.

"ఏమైనా అడుగుతారా?" అన్నాను, ఎవరూ అడగరన్న ధైర్యంతో. అక్క లేచింది.

"అండ్ల దాచిపెట్టినోళ్లు మల్ల అచ్చి తీస్కపోయిన్రా?"

రోమా సైన్యానికి భయపడి దాచి ఉంటారని చాలామంది పండితులు అంటారు, అంటూ కాసేపు నాన్చాను. చివరికి, "రాలేదక్కా. వచ్చుంటే మనకి దొరికేవి కాదుగా" అన్నాను. భలే జవాబు చెప్పానని లోలోపల మురిసిపోయాను కూడా. ఆమె కూర్చుంది.

ప్రార్థన అయ్యాక బిర్యానీ ముట్టకుండా మా వెంటే ఇంటికొచ్చింది. స్టూలు వేసుకుని డబ్బా దింపి, బైబిలు తీసి చంకన పెట్టుకుంది.

"ఇది నాతోనే అస్తది."

"అయ్యో అక్కా, ఎప్పటివాళ్లో వాళ్లు! నీకూ వాళ్లకీ పోలికేంటి?"

"ఆల్లు గూడ మల్ల అస్తమనే పెట్టిన్రు గద చెల్లె."

"నీకు మైకు ఇచ్చినవాళ్లని అనాలి" అన్నాడు మా ఆయన. అక్క నవ్వేసింది. కుక్కరు జోలికి మాత్రం పోలేదు. "గిది ఉండనియ్. మల్ల అస్తే గావాలె గద" అని, తనే డబ్బా పైకెక్కించి వెళ్లింది.

సెలవు అయిపోయే రోజుల్లో, నేను క్లినిక్‌లో డ్యూటీలో ఉండగా ఫోను చేసింది. మా పిల్లల సంగతి అడిగింది, ఇక్కడి ఎండలు అడిగింది. కఫీల్ ఏమన్నాడని అడగడానికి నాకు నోరు రాలేదు.

"చెల్లె, ఆ కుక్కరు నువ్వే వాడుకో" అంది చివరికి. "రబ్బరు సాగింది, కొత్తది ఏసుకో."

ఇంటికొచ్చి కుక్కరు దింపి, ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. మా ఆయన గోడౌను మాట ఎత్తలేదు. తుడిచి, మళ్లీ బీరువా మీదే పెట్టాను. రబ్బరు ఇంతవరకూ కొనలేదు.